పొదగడం, నాటుకోవడం, అత్తమ్మ భుజం

మా అత్తమ్మ భుజంలో రవ్వ ఉందన్న సంగతి పెళ్ళిచూపుల రోజే నా చెవిన పడింది. చూపులకు వచ్చిన వాళ్ళలో ఒక పెద్దామె మా అవ్వతో ముచ్చట పెడుతూ, "మా వదినె భుజంల రవ్వ ఉన్నది" అన్నది. ఆ తర్వాత ఏమన్నదో నాకు వినబడలేదు. ఖాళీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయాను. కరీంనగర్‌లో మా బజారులో రవ్వ అంటే వజ్రపు తునక. రవ్వల కమ్మలు, రవ్వల ముక్కుపుల్ల. భుజానికంటే దండకడియమే అయి ఉండాలి. రవ్వలు పొదిగిన దండకడియం పెట్టుకొనే మనిషికి కోడలిగా పోతున్నానా అని నాలో నేను కొంచెం బెదిరాను.

అది అరవై తొమ్మిది. తెలంగాణ ఆందోళనతో కాలేజీలు మూతపడి ఉన్నాయి. నా డిగ్రీ ఆఖరు పరీక్షలు ఎప్పుడు పెడతారో, అసలు పెడతారో లేదో ఎవరికీ తెలియదు. "ఉత్తగ ఇంట్ల కూసునుడెందుకు, పెండ్లన్న అయితది" అన్నాడు బాపు. అట్లా పరీక్షలకు బదులు నాకు పెళ్ళి జరిగింది.

పెద్దపల్లిలో రైలెక్కి, గోదావరి దాటి, మంచిర్యాలలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద అత్తవారి ఊరు చేరాను. ఊరి వెనక నుంచే అడవి మొదలవుతుంది. వాళ్ళ మాటలో మరాఠీ కలిసి ఉండేది. మొదట్లో ఎవరేమన్నా ముందు తల ఊపి, తర్వాత అర్థమేమిటో మా ఆయనను అడిగేదాన్ని. అత్తమ్మ ఒంటి మీద గాజులు, పుస్తెలతాడు తప్ప ఏమీ కనబడలేదు. దండకడియం పెట్టెలో దాచిందేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె తలకు నూనె రాస్తుంటే, ఎడమ భుజం వెనక తోలు కింద నా వేళ్ళకు ఏదో గట్టిగా తగిలింది. పెసరగింజంత ఉంది. ఒత్తితే కొంచెం పక్కకు జరిగింది.

"ఇదేంది అత్తమ్మా?"

"గదే రవ్వ."

"రవ్వనా?"

"తుపాకి రవ్వ పిల్లా. మీ మామ కొట్టిండు."

నా చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు కొట్టిండు?"

"పందనుకున్నడు" అని ఆమె తల ఇంకొంచెం ముందుకు వంచింది. "ఆపినవేంది? రాయి."

ఆ కథ తర్వాత చాలాసార్లు విన్నాను. జొన్న పాలుపట్టే కాలంలో అడవిపందులు చేనులో పడేవి. మామ మంచె మీద నాటు తుపాకి పట్టుకొని కావలి ఉండేవాడు. అప్పటికి మా ఆయన ఇంకా పుట్టలేదు. ఒకనాడు పొద్దు పొడుస్తుండగా అత్తమ్మ ఆయనకు సద్ది పట్టుకొని రేగుకంప కంచె పక్క దారిన పోతోంది. జొన్నకర్రలు కదిలాయి. మామ పేల్చాడు. ఆమె కేక వేసి కంచె మీద పడింది. భుజం నెత్తురు. మంచం మీద వేసి ఇంటికి మోసుకొచ్చారు, పసరు కట్టారు, పుండు మానింది, రవ్వ లోపలే ఉండిపోయింది.

"రవ్వలన్ని గాలిల వొయినై, ఒక్కటి మాత్రం నన్ను దేవులాడుకుంట వచ్చింది" అని నవ్వుతూ చెప్పేది అత్తమ్మ. ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా చెప్పేది, మామ ముందరే చెప్పేది. ఆ మాట మొదలు కాగానే మామ చుట్ట ఆర్పి లేచి ఎడ్ల కొట్టంలోకి పోయేవాడు. అప్పటికే వేసి ఉన్న గడ్డి మీద మళ్ళీ గడ్డి వేసేవాడు. ఆ పొద్దు తర్వాత ఆయన తుపాకిని ఎవరికో ఇచ్చేశాడని, మళ్ళీ వేట ముఖం చూడలేదని మా ఆయన చెప్పాడు. ఊళ్ళో గట్టి మనిషని పేరున్న మామ ఇంట్లో అత్తమ్మ మాటకు ఎదురు చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఎద్దును అమ్మమంటే అమ్మేవాడు. చెల్లెలి ఇంటికి పోవద్దంటే పోయేవాడు కాదు. "మీ మామ నోటికి గా రవ్వనే తాళం" అని ఒకసారి నాతో అన్నది. అది ముద్దుగా అన్నదో, కోపంగా అన్నదో నాకు తెలియలేదు.

కాలేజీలు తెరిచాక పరీక్షలు రాశాను. మా ఆయనకు కరీంనగర్‌లో ఉద్యోగమైంది, కాపురం అక్కడికి మారింది. నేను ఎమ్మే చదివి, డెబ్బైల నడుమ ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరాను. అప్పుడే అక్కడ డిగ్రీకి తెలుగు మీడియం పెట్టారు. పిల్లలు చేరారు గాని పుస్తకాలు సరిగా చేరలేదు. లెక్చరర్లే నోట్సు రాయాలని, అందులో తెలుగు నేను సరిచూడాలని, తర్వాత సైక్లోస్టైల్ చేసి పంచాలని ప్రిన్సిపాల్ అన్నారు. సైన్సు నాకు తెలియదని చెప్పాను. "మీకు తెలుగు తెలుసు గదమ్మా, చాలు" అన్నారు.

చాలలేదు. వృక్షశాస్త్రం సారు ఇచ్చిన కాగితాల్లో ఒక పాఠం మొత్తం తెలుగులో ఉంది, ఎంబెడింగ్ అన్న మాట మాత్రం ఇంగ్లిషులోనే ఉంది. వారం తిరగకుండా లెక్కల సారు కాగితాల్లోనూ అదే మాట వచ్చింది. ఒకే మాట కదా, ఒకే తెలుగు మాట పెడితే పోతుందనుకొని, రెండు చోట్లా 'పొదగడం' అని రాశాను. ఉంగరంలో రాయిని పొదుగుతాం కదా.

వృక్షశాస్త్రం సారు కాగితం పట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చాడు. "మేడం, పొదుగుడంటే కోడి గుడ్లను పొదుగుతది. బర్రెకు పొదుగుంటది. పిల్లలు నవ్వుతరు మేడం."

"మరి అసలు దాని అర్థమేంది సార్?"

ఆయన నన్ను ల్యాబుకు తీసుకుపోయి, తెల్లటి మైనపు దిమ్మ ఒకటి చేతిలో పెట్టాడు. లోపల ఆకు ముక్క నీడలాగా కనబడుతోంది. ఆకును ఉత్తగా కోస్తే నలిగిపోతుందట. అందుకని ముందు దానిలోని నీళ్ళన్నీ తీసేసి, ఆ నీళ్ళున్న ప్రతి సందులోకి కరిగిన మైనం ఎక్కిస్తారట. గట్టిపడ్డాక మైనాన్నీ ఆకునూ కలిపి పల్చటి పొరలుగా కోస్తే, సూక్ష్మదర్శిని కింద ఆకు ఎట్లా ఉండేదో అట్లాగే కనబడుతుందట.

"ఆకు అట్లనే ఉంటదా సార్? నీళ్ళన్ని తీసేసినంక?"

"రూపం అట్లనే ఉంటది."

"అది బతికి ఉండదు గద?"

ఆయన నా వైపు జాలిగా చూసి, "మాకు రూపమే కావాలె మేడం" అన్నాడు.

లెక్కల సారు దగ్గరికి పోతే ఆయన వేరే కథ చెప్పాడు. "మూడు అనే అంకె ఉన్నది. దాన్ని భిన్నాలల్లకు తీసుకపోయి, మూడు బై ఒకటి అని రాసినం. ఇప్పుడది భిన్నాల ఇంట్ల ఉన్నది. ఐనా మూడు మూడే. మూడుకు రెండు కలిపితే పాత ఇంట్ల ఐదు, కొత్త ఇంట్ల గూడ ఐదే. దాని తీరు ఏమన్న మారిందా? మారలే. గంతే మేడం."

అది వింటూ నేను ఎందుకో నా అత్తవారింటి మొదటి నెలలు తలుచుకున్నాను. నేను అక్కడికి పోయిన తర్వాత ఏమీ మారకుండా ఉన్నానా? అడిగితే ఆయన తికమక పడతాడని అడగలేదు. బదులుగా నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాను. మన పాత కవులు ఒక పద్యంలో ఇంకో పద్యాన్ని దాచి రాసేవారు. చంపకమాల చదువుతుంటే చంపకమాలే, అందులోంచి కొన్ని అక్షరాలను ఏరుకొని చదివితే కందం. లోపలి పద్యం తన గణాలు చెడకుండా లోపలే ఉంటుంది. దాన్ని గర్భకవిత్వం అంటారు. మీదీ అట్లాంటిదే అయితే 'గర్భితం' అని రాద్దామా అన్నాను.

లెక్కల సారు ముఖం చెవుల దాకా ఎర్రబడింది. "గర్భితమా! మేడం, నా క్లాసుల అందరు మొగపిల్లలు. నేను బోర్డు మీద మూడు గర్భితమైంది అని రాస్తే ఇంకేమన్న ఉన్నదా?"

ఇదంతా వింటున్న ఇంగ్లిషు సారు తన కుర్చీలోంచే కల్పించుకున్నాడు. వాళ్ళ వ్యాకరణంలోనూ ఆ మాట ఉందట. "'వాన పడ్డదని వాడు చెప్పిండు.' ఇందుల వాన పడ్డదన్నది లోపలి వాక్యం. వాడు చెప్పిండన్నది బయటి వాక్యం. వాడు చెప్పిన మాట నిజం. వాన పడ్డదా లేదా అన్నది మాత్రం ఆ దేవునికే తెలుసు."

నాకు తల తిరిగింది. ఒకరి దగ్గర లోపలికి పోయింది చచ్చిపోయి రూపం మిగులుతుంది. ఒకరి దగ్గర ఏమీ మారకుండా బతుకుతుంది. ఇంకొకరి దగ్గర లోపలిది ఉందో లేదో కూడా తెలియదు. మూడింటికీ ఇంగ్లిషువాడు ఒకే మాట ఎట్లా అన్నాడు? ప్రిన్సిపాల్‌ను అడిగితే, "ఏదో ఒకటి పెట్టేయండమ్మా, పరీక్షలు దగ్గరికొచ్చినై" అన్నారు. వృక్షశాస్త్రంలో 'మైనంలో కూర్చుట' అని, లెక్కల్లో 'ఇమడ్చుట' అని, ఇంగ్లిషు వ్యాకరణంలో 'లోవాక్యం' అని రాశాను. నోట్సు అచ్చయి పిల్లలకు చేరింది. వాళ్ళు బట్టీ పట్టి పాసయ్యారు. నాకు మాత్రం ఏదీ కుదరలేదనే అనిపించింది.

ఎనభైల మొదట్లో అత్తమ్మ భుజం వాచింది. పెసరగింజ నిమ్మకాయంత అయింది. రాత్రిళ్ళు సలుపు. మామ ఆమెను రైల్లో కూర్చోబెట్టి మా ఇంటికి తీసుకొచ్చాడు. దారంతా ఆమె చెప్పుల సంచి, నీళ్ళ చెంబు తనే మోశాడు. మేము ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. నెమ్మదైన మనిషి.

"ఎన్ని రోజులాయె అవ్వా?"

"నా కొడుకు పుట్టకముందు నుంచి ఉన్నది సారూ. తుపాకి రవ్వ. గీయననే కొట్టిండు" అని అత్తమ్మ మామ వైపు చెయ్యి చూపింది. మామ గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. "సీసం గని ఇనుము గని ఉంటే తెల్లగ చుక్క లెక్క కొట్టొచ్చినట్టు కనబడాలె. ఏం లేదు."

"ఫొటో మంచిగ రాలేదేమో. మళ్లొకటి తియ్యుండ్రి" అన్నది అత్తమ్మ.

ఇంకో పక్క నుంచి మళ్ళీ తీశారు. అందులోనూ లేదు. అత్తమ్మ ఆ నల్లటి ఫిల్మును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది. "లేకుంటే ఏడికి వోయింది? గిన్నేండ్లు నా దగ్గర్నే ఉన్నది గద?" ఆ గొంతులో భయం కన్నా ఇంట్లో వస్తువు కనబడనప్పటి తత్తరపాటే ఎక్కువగా ఉంది.

గడ్డను కోసి తీశారు. దాన్నొక సీసాలో మందునీళ్ళలో వేసి, వరంగల్ పంపాలన్నాడు డాక్టరు. "మైనంల పెట్టి, సన్నగ కోసి చూస్తరు. జర టైం పడతది."

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "క్యాన్సర్ కావచ్చునా?" అన్నాడు. నాకేం తెలుసు? ల్యాబులో చూసిన తెల్లటి దిమ్మే కళ్ళ ముందు ఉంది. ఇప్పుడు అందులో అత్తమ్మ కండ ఉంటుంది. నీళ్ళన్నీ తీసేసి, సందు సందులో మైనం నింపి. ఆ రోజుల్లో అత్తమ్మకు ఎడమ చెయ్యి కట్టి ఉంటే జడ నేనే వేసేదాన్ని. ఆమె ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేది. "కోసినప్పుడు డాక్టరు తీసి దాసిండేమో పిల్లా? అడిగి చూడరాదు?"

రిపోర్టు వచ్చిన రోజు ఆసుపత్రిలో జనం బాగా ఉన్నారు. డాక్టరు కాగితం చూసి, "ఫికర్ చెయ్యకుండ్రి, క్యాన్సర్ కాదు. పాత ముల్లు ముక్క" అని నా చేతికిచ్చి ఇంకో రోగి దగ్గరికి పోయాడు. ఇంటికి వచ్చాము. ముందు గదిలో అందరూ కూర్చున్నారు. "చదువు బిడ్డా. తెలుగుల చెప్పు, నువ్వు లెక్చరరువు గద" అన్నాడు మామ. ఆయన అంతగా ఏదీ అడగడు.

కాగితం విప్పాను. చెట్టుకు సంబంధించిన ముక్క ఒకటి గట్టిపడిన కండలో ఎంబెడ్ అయి ఉన్నదని రాశారు. ఆ మాట మళ్ళీ నా ముందుకు వచ్చి నిలబడింది.

"ముల్లు ముక్క కండల... నాటుకొని ఉన్నదట" అన్నాను.

"నాటుకున్నదంటే కొట్టినట్టే గద! నాటేది రవ్వనే" అన్నది అత్తమ్మ, ఊపిరి వచ్చినట్టు.

"కాదు అత్తమ్మా, ముల్లే. లోపల... గుచ్చుకొని..."

"గుచ్చుకున్నదంటే కంచె మీద పడ్డట్టు" అన్నాడు మామ మెల్లగా. "జర సరిగ్గ చూడు బిడ్డా. కొట్టినట్టు రాసిండ్రా, పడ్డట్టు రాసిండ్రా?"

నేను మళ్ళీ చదివాను. ఆ మాటలో కొట్టడమూ లేదు, పడడమూ లేదు. ఎట్లా లోపలికి వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో ఏమీ లేదు. లోపల ఉంది, చుట్టూ కండ దాన్ని పట్టుకొని ఉంది, అంతే. అదే చెప్పాను.

మామ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని ముందుకు వంగాడు. "గట్లయితే," అన్నాడు, "నేను కొట్టలేదా?"

"ఎందుకు కొట్టలేదు? సప్పుడు నేను ఇనలేదా?" అన్నది అత్తమ్మ.

"సప్పుడైంది. నేను పేల్చిన. కని రవ్వ తాకలే. బెదిరి రేగుకంప మీద పడ్డవ్."

"కాగితంల రాసింది నీకు ఎరుకనా, నా భుజం నాకు ఎరుకనా?"

"గిన్నేండ్లు..." అని మామ ఆగిపోయాడు. అత్తమ్మకు మంచివార్త వచ్చిన రోజు అది. ఎవరికీ సంతోషించాలని తోచలేదు. నేను చాయ పెడితే అందరి గ్లాసుల్లో చల్లారిపోయింది.

మరునాడు తెల్లారి మామ ఒక్కడే ఊరికి వెళ్ళిపోయాడు. అత్తమ్మ కుట్లు విప్పేదాకా మా దగ్గరే ఉంది. ఆయన మాట ఎత్తితే "ఎడ్లను చూసుకోవద్దా?" అనేది. కుట్లు విప్పిన తర్వాత ఆయనే తీసుకుపోవడానికి వచ్చాడు. నేను పెరట్లో గిన్నెలు కడుగుతుంటే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, గా కాగితం తప్పు కావచ్చునా?"

"కావచ్చు మామా. మనుషులు రాసిందే గద."

"తప్పయితే మంచిదా, ఒప్పయితే మంచిదా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. నిజంగానే నన్ను అడుగుతున్నాడు. "మీకు ఏది కావాలె?" అన్నాను.

"గదే సమజైతలేదు" అన్నాడు. "కొట్టలేదంటే పానం తేలికైతదనుకున్న. ఊళ్లె ఒక్కన్నే కూసుంటే ఏమో లెక్క కోపమొచ్చింది. ఎవ్వరి మీదనో తెల్వది. తుపాకి ఇచ్చిన, అడివి ఇడిసిపెట్టిన, మా దోస్తుల ఇడిసిపెట్టిన. అన్ని ఉత్తగనేనా? మళ్ల, కొట్టిన అనుకుంటె ఇదివరకటి తీరుగ ఉంటది. అది అలవాటయింది."

గిన్నె తీసుకొని నీళ్ళు పోసి ఇచ్చాను, తాగాడు.

ఆ తర్వాత మేము ఎప్పుడు ఊరికి పోయినా ఇంట్లో కొత్త సందడి. మామ ఎదురు మాట్లాడడం నేర్చుకున్నాడు. పప్పులో ఉప్పెక్కువైందన్నాడు. అమ్మమన్న ఎద్దును అమ్మనన్నాడు. మొదట అత్తమ్మ నిర్ఘాంతపోయింది, మూడు రోజులు ముసుగుతన్ని పడుకుంది, తర్వాత లేచి ఆమె కూడా గట్టిగానే మాట్లాడింది. తువ్వాల ఎక్కడ ఆరేయాలన్న దగ్గర మొదలై ఎక్కడికో పోయేవారు. పోట్లాడుకున్నాక ఇద్దరూ ఒకే పళ్ళెంలో పల్లీలు వొలుచుకొని తినడం నేను చూశాను. వాళ్ళు నయమయ్యారో, చెడిపోయారో మా ఆయనకూ అంతుపట్టలేదు. చెల్లెలి ఇంటికి మామ చాలా ఏళ్ళకు పోయి వచ్చాడు. వస్తూ అత్తమ్మకు రవికెగుడ్డ తెచ్చాడు. రంగు బాగాలేదని ఆమె వంక పెట్టింది, పండుగకు అదే కుట్టించుకుంది.

కొత్తవాళ్ళు వస్తే ఆమె రవ్వ కథ చెప్పడం మాత్రం ఆపలేదు. మామ ఇప్పుడు కొట్టంలోకి పోయేవాడు కాదు. అక్కడే కూర్చొని చివర్లో "అది ముల్లు" అనేవాడు. "రవ్వ" అనేది ఆమె. వచ్చినవాళ్ళు ఇద్దరి ముఖాలూ చూసి నవ్వాలో వద్దో తెలియక చాయ తాగేవాళ్ళు.

తొంభైల మొదట్లో మామ కాలం చేశాడు. జ్వరమని పడుకొని నాలుగు రోజుల్లోనే పోయాడు. అత్తమ్మ కరీంనగర్ వచ్చి మా దగ్గరే ఉంది. ఆ ఏడాది ఎండాకాలం, చింతపండు కొట్టి గింజలు తీస్తూ మేమిద్దరం వరండాలో కూర్చున్నప్పుడు, ఎన్నేళ్ళుగానో నోటి దాకా వచ్చి ఆగిన ప్రశ్న అడిగేశాను.

"అత్తమ్మా, ఎవ్వరు లేరు. నిజం చెప్పు. నిన్ను రవ్వ తాకిందా, కంచె మీద పడ్డవా?"

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతిలోని చింతకాయను పక్కన పెట్టి, కళ్ళు చిట్లించి, ఆ చేనునే చూస్తున్నట్టు వాకిలి వైపు చూసింది.

"సప్పుడైంది" అన్నది. "మంటైంది. రెండు ఒక్కపారే అయినై పిల్లా. ఏది ముందో ఏది ఎనకనో నేనెట్ల చెప్త? కండ్లు తెరిసేవరకు మీ మామ నన్ను ఎత్తుకొని ఏడుస్తుండు. 'నేనే కొట్టిన, నేనే కొట్టిన' అంటుండు. గా మాట ఆయన నోటనే ముందుగాల ఇన్న. ఆయన గట్ల ఏడుస్తుంటె, కాదని నేనెట్లంట?"

"అంటే ఆయన కొట్టలేదా?"

"ఏమో" అన్నది అత్తమ్మ. చింతకాయ మళ్ళీ చేతిలోకి తీసుకొని, ఈనె తీసి, గింజను నేల మీదకు నెట్టింది. "నువ్వు జర జల్ది చెయ్యి. పొద్దు వోతున్నది."